కరకట్టకు అవతల

"ఇక దేశానికి భయం లేదని రాశారు. ఎవరికి లేదో మాత్రం రాయలేదు, విన్నావా?" అన్నారు మా ఆయన, చూపు ఆనక పేపరు చదివించుకుని.

"విన్నానండి. ముందు ఈ మజ్జిగ తాగండి" అన్నాను.

మా ఇద్దరి మధ్యా అవే ఆఖరి మాటలు. 1998 ఎండాకాలం, మన దేశం అణుపరీక్షలు చేసిన రోజులు, తెనాలిలో మా ఇంటి వసారా. మజ్జిగ సగం తాగి నిద్రపోయారు. మళ్ళీ లేవలేదు. ఆ రోజు పేపరు చదివింది మా అక్క కూతురు కుమారి. ఇప్పుడు నేను చెబుతుంటే రాస్తున్నదీ తనే. నాకు సంతకం చేయడం, బస్సు మీద ఊరిపేరు కూడబలుక్కోవడం వరకే వచ్చు.

ఆయన ఉద్యోగం పేరు పాలసీ అనలిస్ట్. ఢిల్లీలో ఒక అధ్యయన సంస్థలో మిసైల్ డిఫెన్స్ ఆయన విభాగం. శత్రువు వేసిన క్షిపణిని గాలిలోనే కొట్టడానికి ఎదురు పంపేదాన్ని ఇంటర్‌సెప్టర్ అంటారట. ఆయన వాటిని తయారు చేయలేదు, దగ్గరగా చూడను కూడా లేదు. అచ్చయిన పుస్తకాలూ పత్రికలూ చదివి, ఇలాంటిది కొంటే ఏమవుతుంది, కొనకపోతే ఏమవుతుంది అని పెద్దలకు నాలుగు పేజీల్లో చెప్పడం ఆయన పని. ఆ నాలుగు పేజీలనే బ్రీఫ్ అంటారు. వీధిలో ఎవరికీ ఇది ఎక్కలేదు. ఆయన్ని 'బాంబుల మేస్టారు' అనేవాళ్ళు.

అత్తగారు మంచాన పడడంతో నేను తెనాలిలోనే ఉండేదాన్ని. సెలవుకి వచ్చినప్పుడల్లా, ఇంగ్లీషులో రాసినదాన్ని నాకు తెలుగులో చెప్పేవారు. నేను బియ్యం ఏరుకుంటూ వినేదాన్ని. తర్వాత నా మాటల్లో తిరిగి చెప్పమనేవారు. నేను తడబడిన చోట పెన్సిలుతో గీత పెట్టుకునేవారు. "నీకు తెలియక కాదే, ఇక్కడ నేనే ఏదో దాటేశాను" అనేవారు. ఆ చోటు మళ్ళీ రాసేవారు.

1991లో, గల్ఫ్ యుద్ధం రోజుల్లో, ఎదురింటి టీవీలో ఆకాశాన క్షిపణిని క్షిపణి కొట్టడం చూసి అందరూ చప్పట్లు కొట్టారు. మనకూ అలాంటిది ఉంటే ఇక దిగులే లేదన్నారు. సెలవులో ఇంటికొచ్చి ఉన్న ఆయన దాని మీదే బ్రీఫ్ రాయాలి. అప్పటికి ఆయన కాంట్రాక్టు గడువు కూడా దగ్గరపడింది. బ్రీఫ్ పైవాళ్ళకు నచ్చితే పొడిగిస్తారు, లేకపోతే లేదు. పైవాళ్ళకు ఏది నచ్చుతుందో ఆయనకు తెలుసు. అయినా అందులో ఒక పేరా వేరేలా రాశారు.

ఆ పేరా మా అత్తగారి ఊరి సంగతి. రేపల్లె దగ్గర కృష్ణ ఒడ్డున ఉంటుంది ఆ ఊరు. వరద ఊరి మీద పడకుండా ఏటిగట్టున వేసే మట్టికట్టను కరకట్ట అంటారు. ఇవతలి కట్ట ఎత్తయితే నీళ్ళు అవతలి ఒడ్డు మీదికి ఎక్కుతాయి. అప్పుడు వాళ్ళూ పెంచుతారు. క్షిపణి డాలు కూడా అంతేనని, మనం డాలు పట్టగానే అవతలివాడు దాన్ని దాటేటన్ని క్షిపణులు పోగేస్తాడని ఆయన రాశారు.

ఆ సంస్థ డైరెక్టరుగారిది కృష్ణకు అవతలి ఒడ్డు. బాపట్లలో మేనకోడలి పెళ్ళికి వచ్చి, తిరుగు ప్రయాణంలో తెనాలిలో దిగి మా ఇంటికి భోజనానికి వచ్చారు. బ్రీఫ్ చదివి, తనే పట్టుకుపోతానన్నారు. విస్తరి ముందు కూర్చున్నాక అసలు సంగతి ఎత్తారు.

"అంతా బాగుంది ప్రసాదూ. ఆ కట్ట పేరా ఒక్కటీ తీసెయ్. ఢిల్లీలో నవ్వుతారు. కత్తి కాదు కదయ్యా, డాలు! డాలు ఎవరినేం చేస్తుంది?"

నేను పప్పు తెచ్చాను.

"ఏమ్మా, ఈ కట్టల గోల నీకూ వినిపించాడా?"

"వినిపించారు అన్నయ్యగారూ. మా అత్తగారి ఊరి సంగతే కదండీ. మా పొలాలు మేం కాపాడుకున్నాం. ఎవరికీ చెడు చెయ్యలేదండి."

ముద్ద డైరెక్టరుగారి చేతిలోనే ఆగింది.

"చెయ్యలేదా? మీరు ఎత్తు పెంచిన ఏడే వరదంతా మా మీదికొచ్చింది. మా నాన్న గేదెలు కొట్టుకుపోయినయ్. అందుకే మేం మీకంటే ఎత్తు పోశాం. పొయ్యమా మరి?"

"మీరు పోశారని మావాళ్ళు మళ్ళీ పోశారండి. కర్రలు పట్టుకుని కాపలా కూడానూ, మీవాళ్ళు పడవేసుకొచ్చి గండి కొడతారని."

"మేమా! మీరే కొడతారని మేం కాపలా కాశామమ్మా!"

మా ఆయన మజ్జిగ గిన్నె ఆయన ముందుకు జరిపారు.

"పేరాలో అంతకంటే ఏమీ లేదు సార్" అన్నారు.

డైరెక్టరుగారు కాసేపటికి నవ్వారు. "మొగుడూ పెళ్ళాం కలిసి నాచేతే సాక్ష్యం చెప్పించారు కదయ్యా!" చేయి కడుక్కుంటూ మాత్రం నవ్వలేదు. "ఇది ఉంచితే నీ కాంట్రాక్టు నా చేతిలో ఉండదు. ఆలోచించుకో."

"ఆలోచించే రాశాను సార్."

కాగితాలు ఉన్నవి ఉన్నట్టే సంచిలో పెట్టుకున్నారాయన. రిక్షా ఎక్కుతూ, "వస్తా చెల్లెమ్మా. పప్పు బాగుంది. పేరా కూడా బాగుంది, అదే వచ్చిన చిక్కు" అన్నారు.

బ్రీఫ్ పూర్తిగానే పైకి వెళ్ళింది. దాన్ని ఎవరు చదివారో, ఏం చేశారో మాకు తెలియదు. ఆ ఉద్యోగంలో అది తెలియకపోవడమే మామూలట. కాంట్రాక్టు పొడిగించలేదు. ఆయన పెట్టె సర్దుకుని వచ్చి, తెనాలిలోనే ట్యుటోరియల్ కాలేజీలో ఇంగ్లీషు చెప్పారు. ఆ పేరా ఎందుకు ఉంచారని నేను అడగలేదు, ఆయనా ఎత్తలేదు.

ఆ భోజనం నాకు నేర్పింది ఒకటే. ఎవరైనా కాపాడతామంటే, ఎవరిని అని అడగాలి. ఆ తర్వాత, అవతలి ఒడ్డున ఎవరున్నారని అడగాలి. ఆఖరి రోజున మజ్జిగ తాగే ముందు కూడా ఆయన అడిగింది అదే.

ఇక చాలు కుమారీ. మొదటినుంచి చదువు. విని నా మాటల్లో తిరిగి చెబుతాను. నేను తడబడిన చోట గీత పెట్టు. అక్కడ మనం ఏదో దాటేసి ఉంటాం.