అక్క దాచుకున్న మాట

పోయిన వారం నడుం పక్కన నొప్పంటే రాజమండ్రిలో డాక్టరుగారు కిడ్నీలకు ఎక్స్‌రే రాశారు. ఎక్స్‌రే గదిలో అమ్మాయి కాగితం చూస్తూ ఒక్కొక్కటే అడిగింది. పరగడుపునే వచ్చారా, విరేచనాల మాత్ర వేసుకున్నారా, ఇదివరకు ఏ ఇంజెక్షనైనా పడలేదా, షుగరు మాత్రలు వాడుతున్నారా. గర్భం సంగతి అడిగే చోటికి వచ్చేసరికి నా నెరిసిన జుట్టు చూసి, చిన్నగా నవ్వి దాటేసింది. నేనూ నవ్వుదామనుకున్నాను. మా అక్క గుర్తొచ్చింది.

అక్క నాకన్నా ఐదేళ్లు పెద్ద. ద్రాక్షారామం దగ్గర పల్లెలో వరి పండించుకునే బావగారికి ఇచ్చారు. పెళ్లయి ఇరవై ఏళ్లయినా పిల్లలు కలగలేదు. ఆ ఊసు మా ఇంట్లో ఎవరమూ ఎత్తేవాళ్లం కాదు. ఆమె మాత్రం బడివేళకి వీధిలో ఆడపిల్లలందరినీ అరుగు మీద కూర్చోబెట్టి జడలు వేసేది. నలభై మూడో ఏట ఎడమ డొక్కలో నొప్పి మొదలైంది, మూత్రంలో రక్తపు జీర కనిపించింది. రాయి ఉందేమో, రంగుమందు ఎక్కించి ఎక్స్‌రే తీయించమన్నారు. తణుకులో నేను పాఠాలు చెప్పే స్కూలుకి సెలవు పెట్టి నేనే తోడు వెళ్లాను. నేను ఆసుపత్రి లోపల చీటీ రాయించుకుని వచ్చేసరికి అక్క ఎదురుగా ఉన్న హోటల్లో పెసరట్టు తింటోంది, అల్లం పచ్చడి రెండోసారి వేయించుకుని మరీ.

"పరగడుపున రమ్మన్నారు కదక్కా!"

"ఆకలేసిందే, ఏం చెయ్యను?"

కడుపులో తిండి ఉంటే కిడ్నీలు సరిగ్గా కనపడవని ఇంకో రోజు రమ్మన్నారు. రెండోసారి బస్సులోనే నాలుగు అరటిపళ్లు తినేసింది. మూడోసారి ఊళ్లో ఎవరిదో పెళ్లంటూ బయల్దేరనే లేదు. నాకు ఒళ్లు మండింది. "నీ తిండిపిచ్చి పాడుగాను, ఇక నన్ను పిలవకు" అని ఫోన్లో అరిచాను. ఆమె ఫోను పెట్టేసింది. ఆ నొప్పిని పంటి బిగువున భరిస్తూ మూడు నెలలు గడిపింది.

ఓ రోజు తనే ఫోను చేసింది. "ఈసారి ఏమీ తిననులే. రావే." గొంతులో జీవం లేదు. ఎక్స్‌రే గది బయట బల్ల మీద కూర్చున్నాక, నా వైపు చూడకుండా చెప్పింది.

"నెల తప్పిందనుకున్నానే. ఈ వయసులో ఎవరికి చెప్పను, నవ్వరూ? ఎక్స్‌రే బిడ్డకి మంచిది కాదంటారు కదా. మొన్న మళ్లీ వచ్చేసింది. ఏమీ లేదు. ముట్లు ఆగే వయసంతే."

లోపల కాగితం పట్టుకున్న పెద్దావిడ అడిగితే తలవంచుకుని ఆ మాటే చెప్పింది. ఆవిడ కాగితం పక్కన పెట్టింది. "అనుమానమని మొదటిరోజే మా చెవినేస్తే పరీక్ష చేసేవాళ్లం కదమ్మా. నిజంగా ఉంటే ఎక్స్‌రే మానేసి స్కానింగుతో చూసేవాళ్లం. అందుకే అడుగుతామండి ఇవన్నీ."

మందు ఎక్కుతుంటే ఒళ్లంతా వెచ్చబడిందట, నోట్లో ఇనుము రుచి తగిలిందట. ఆగి ఆగి ఫిల్ములు తీశారు. మూత్రానికి పంపి, తిరిగొచ్చాక చివరిది తీశారు. అన్నిట్లోనూ కుడి కిడ్నీ తెల్లగా వెలిగింది. ఎడమవైపు ఏమీ రాలేదు. రాయి అడ్డుపడి, చీము పట్టి, ఆ కిడ్నీ పనికిరాకుండా పోయింది. ఆపరేషన్ చేసి తీసేశారు. అందుకు అక్క ఏడవలేదు. ఇంటికి పంపే రోజు బావగారు మందులకి వెళ్లినప్పుడు మాత్రం, "ఆ మూడు నెలలూ ఎంత బాగుందో తెలుసా" అంది. నేను ఫోన్లో అన్న మాటకి అప్పుడైనా క్షమించమని అడగాల్సింది. ఆమె దుప్పటి సర్దుతూ కూర్చున్నాను.

కొన్నేళ్లకి రెండో కిడ్నీ కూడా నీరసించింది. యాభై ఒకటో ఏట అక్క పోయింది. నాకిప్పుడు యాభై రెండు. చెల్లెలిగా పుట్టి అక్కకన్నా పెద్దదాన్నయ్యాను. కాలానికి వరసలు తెలియవు.