పరశురాములు స్కోరు మరిచిన ఏడాది

శ్రీరాంపూర్ కాలనీ మైదానంలో పొద్దున్నే వాలీబాల్ ఆడేవాళ్లంతా బొగ్గుబాయిలో పనిచేసి రిటైరైనవాళ్లే. వాళ్లందరిలో పరశురాములుది పెద్ద గొంతు. తాను ఆడుతూనే రెండు వైపుల స్కోరూ చెప్పేవాడు. ఆయన చెప్పాక తగువుండేది కాదు.

ఆ వానాకాలంలో ఒకరోజు సర్వీసు చేయబోయి బంతి పట్టుకుని అట్లాగే నిలబడిపోయాడు.

"అన్నా, స్కోరెంత?" నెట్టుకు అవతల నుంచి బాలమల్లు అడిగాడు. ఇద్దరూ ఒకే షిఫ్టులో బాయిలోకి దిగినవాళ్లు.

"నువ్వే చెప్పరాదు?"

"నాకు యాదికుంటే నిన్నెందుకు అడుగుత?"

అందరూ నవ్వారు. పరశురాములూ నవ్వాడు గానీ ఇంటికి వచ్చేదాకా అదే ఆలోచన. భయం కన్నా వింతే ఎక్కువగా తోచింది. ఎప్పుడో బాయిలో కూలిన పైకప్పు ఇంకా కళ్లకు కట్టినట్టే ఉంది. ఇప్పుడే కొట్టిన పాయింటు ఎటుపోయింది? కొన్నాళ్లుగా అరికాళ్లలో ఈ తిమ్మిర్లేమిటి?

భార్య ఐలవ్వ పళ్లెం ముందు పెట్టి, "ఫోన్ల ఎవడో చెప్పిండని రెండేండ్ల కింద గుడ్డు, పాలు, మాంసం కూర అన్నీ బంద్ జేస్తివి. వట్టి అన్నం, పచ్చిపులుసు. ఇంక తలకాయ ఎట్ల పనిజేస్తది?" అంది.

"తిండికీ యాదికీ ఏం సంబంధమే?"

"నాకేమెరుక? డాక్టరమ్మను అడుగు."

మర్నాడే మంచిర్యాల వెళ్లి డాక్టర్ ఉమారాణిని అదే అడిగాడు. ఆమె రక్తపరీక్ష చేయించి చూసింది. "బి12 బాగా తగ్గింది పెద్దాయనా. నరాలకు అది కావాలె. గుడ్లు, పాలు, మాంసంలనే ఉంటది. సూదులు ఇస్త. కానీ మతిమరుపు అంతా దీంతోనే అని ఇప్పుడే చెప్పలేను. చూద్దాం."

ఆ 'చూద్దాం' ఆయనకు నచ్చింది. బాయిలో కూడా పైకప్పును గడ్డపారతో తట్టి, చప్పుడు విన్నాకే అడుగేసేవాళ్లు.

సూదులతో పాటు గుడ్డు, పెరుగు, జొన్నరొట్టె, పాలకూర మొదలయ్యాయి. ముందు తిమ్మిర్లు తగ్గాయి. చలికాలానికి స్కోరు మనసులో నిలవసాగింది. వెంటనే ఆయనకు బాలమల్లు గుర్తొచ్చాడు. ఈ మధ్య అతను ఇంటి దారి కూడా తప్పుతున్నాడు మరి. ఆశగా డాక్టరు దగ్గరికి వెంటబెట్టుకుని పోయాడు.

బాలమల్లుకు బి12 సరిగ్గానే ఉంది. డాక్టరు ఆయనతో చాలాసేపు మాట్లాడింది, జ్ఞాపకశక్తి చూడ్డానికి బొమ్మలు గీయించింది. తర్వాత పరశురాములును పక్కకు పిలిచి, "ఇది వేరే జబ్బు. హైదరాబాద్‌ల నరాల డాక్టరుకు చూపియ్యాలె," అంది.

పరశురాములు బాలమల్లు కూర్చున్న వైపు చూశాడు. మెల్లగా డాక్టరును అడిగాడు:

"మనుమని పేరు మరుస్తుండు గానీ బంతి వస్తే చెయ్యి సక్కగ లేస్తది. అదెట్ల మేడం?"

"చేతికి అలవాటైన పని మెదడుల వేరే జాగల ఉంటది. అది జల్ది పోదు."

"మరి ఆ జాగకేం తిండి పెట్టాలె?"

ఆమె నవ్వింది. "గిది తింటే యాది పోదు అని చెప్పే తిండి ఇంకా దొరకలే. ఆకుకూరలు, పప్పులు మంచివే. నడక, ఆట, నలుగురితోని ముచ్చట, అవీ కావాలె."

"గంతేనా?"

"ఇప్పటికి తెలిసింది గంతే."

మర్నాడు పొద్దున పరశురాములు తిన్నగా మైదానానికి పోలేదు. బాలమల్లు ఇంటి ముందు ఆగి, "తమ్మీ, బూట్లు తొడుక్కో, పోదాం," అని కేకేశాడు.