ముందు కొండలకా, సముద్రానికా

పుంగనూరులో బట్టల అంగడి మునిరత్నానికి ఒకటే పిచ్చి. శ్రీలంకకు పోతే ముందు ఏ వైపు చూడాలన్నది తేలాలి. ఎప్పుడు పోతావని మాత్రం అడక్కూడదు. కుప్పం బస్సెక్కితే పలమనేరు దాటకముందే కిటికీలోంచి తల బయటపెట్టే మనిషి, ఏళ్ల తరబడి ఈ ఒక్క విషయం తేల్చుకోలేక మా బజారునంతా వేపుకుతిన్నాడు.

పక్కన పాత్రల అంగడి నాది కాబట్టి అందరికంటే ఎక్కువ వేగింది నేనే. రవికె గుడ్డకొచ్చిన ఆడమనిషికి కొలబద్దతో గోడమీది శ్రీలంక పటం చూపించేవాడు.

"ముందు కొండలకు పోవల్లనా, సముద్రానికా, చెప్పమ్మా."

"ముందు గుడ్డ చింపప్పా, బస్సు పోతాది," అనేదామె.

పంచెలకొచ్చిన సోమల వెంకటరమణప్పనూ వదల్లేదు.

"బేస్తవారం దక్షిణానికి వారశూల గదా. ఆ పొద్దు దిగితే ఉత్తరం పక్క జాఫ్నాకు పోవచ్చునా?"

"ముందు మా సోమలకు రాప్పా. నా కూతురి పెండ్లికి పిలిస్తే రాకపోతివి."

"బస్సు పడదు గదన్నా."

"మరి లంకకు ఎట్ల పోతావు?"

"అది విమానం," అన్నాడు మునిరత్నం, అదేదో కదలని పట్టెమంచమైనట్టు.

ఆ అంగడి అరుగు మీద తులసమ్మ మిషను కుట్టేది. ఆమె పుట్టింది శ్రీలంకలోనే, హాటన్ దగ్గర టీ తోటలో. అక్కడున్న మన దేశపు కూలీలను ఇండియాకు పంపేసినప్పుడు అమ్మానాన్నలతో వచ్చేసింది. పెండ్లయిన అక్క అక్కడే ఉండిపోయింది. ఉత్తరాలే తప్ప మళ్లీ చూసుకున్నది లేదు. ఇక్కడి పిల్లలు లంకమ్మ అని ఎగతాళి చేస్తే, తులసమ్మ నలుగురిలో నోరు విప్పడమే మానేసింది. మునిరత్నం మాటలకు మాత్రం ఊరుకోలేకపోయేది.

"హాటన్‌లో ఏముండాది, రాళ్లు తప్ప?" అనేవాడు.

మిషను ఆగిపోయేది. "మీకేం తెలుసన్నా? పొద్దున్నే మబ్బు వాకిట్లోకి వస్తాది. మా అక్క దాంట్లోనే ముగ్గేసేది. కొండలకే ముందు పోవల్ల."

"ఏమోమ్మా, నాకు సముద్రమే బాగుంటాదనిపిస్తాది."

ఇక సాయంత్రం దాకా తగువే. వినీ వినీ ఆ కొండల్లో దోవలన్నీ నాకూ తెలిసిపోయాయి.

ఆ దేశంలో యుద్ధం ఆగిన మరుసటి ఏడు, మునిరత్నం మిషను దగ్గర స్టూలేసుకుని కూర్చున్నాడు.

"నేనూ మా ఇంటామె శాంతకుమారీ లంకకు పోతాండామమ్మా. నువ్వూ రావల్ల."

"ఊరికే నేను రానన్నా. ఒకరి పుణ్యాన తిరిగేదాన్ని కాదు."

"పుణ్యం మాది కాదు తల్లీ. మాకు దోవ తెలీదు, భాష రాదు. ముందు యాడికి పోవల్లనో ఇన్నేండ్లు అడిగితే ఒక్కరూ తేల్చలా. నువ్వు లేకుంటే మా ప్రయాణమే లేదు."

తులసమ్మ తలొంచుకుని సూదికి దారం ఎక్కించబోయింది. ఎక్కలేదు. "ముందు హాటన్‌కు," అంది.

ఆమె ఇంటికి పోయాక నేను ఉండబట్టలేక అడిగాను. "మరి నీ సముద్రం?"

"నాకెందుకప్పా సముద్రం? మొదట్లో ఊరికే అడిగినా. ఆమె వాళ్లక్క పేరెత్తిన దినం నుంచి ఆమె కోసరమే అడుగుతాండా. తీసకపోతానంటే రాదు. మాకు తెలీదంటే వస్తాది."

ఇన్నేళ్లూ ఆయన్ను తిట్టుకున్నదంతా ఒక్కసారిగా కరిగిపోయి, నాకు ఆ మనిషి మీద ప్రాణం పెట్టేంత ఇష్టం కలిగింది.

వాళ్లు వెళ్లిన వారానికి మునిరత్నం నా అంగడికి ఫోను చేశాడు.

"ఏం చూసినావప్పా?" అన్నాను.

"ఏమీ చూళ్లా. దిగినప్పట్నుంచీ అక్కాచెల్లెండ్లు మాట్లాడుకుంటానే ఉండారు. శాంతకుమారి వాళ్లకు టీ పెడతాండాది."

"నువ్వేం చేస్తాండావు?"

"గడప మీద కూచోని వాళ్లను చూస్తాండా. శానా బాగుండాది."

"రేపన్నా సముద్రానికి పోండప్పా."

"రేపు యాడ కుదురుతాది? వాళ్లింకా చిన్నప్పటి కొట్లాటల్లోనే ఉండారు."