హొన్నూరమ్మ తలంటిన ఆల్చిప్పలు

సైన్సు మాస్టరుగా నా కోపం సంగతి మా స్కూల్లో గోడలకు కూడా తెలుసు. హొన్నూరమ్మ ముందు మాత్రం అది ఏనాడూ నిలబడలేదు.

కర్ణాటకలో ఉన్న మా పావగడ తాలూకాలో వరసగా మూడేళ్ళు వాన మొహం చాటేస్తే, చేలో పని లేక ఆమె మా స్కూల్లో ఊడ్చే పనికి చేరింది. కాలేజీలో జియాలజీ చెప్పి రిటైరైన మా ఊరి పెద్దాయన, తమిళనాడులో అరియలూరు వైపు ఏరుకొచ్చిన నలభై మూడు రాళ్ళు స్కూలుకిచ్చాడు. అన్నీ ఒకప్పటి సముద్రపు నత్తలూ ఆల్చిప్పలూ, కోట్ల ఏళ్ళకు రాయైపోయినవి. వాటికో గది, గదికి మ్యూజియం అని పేరు, చూసుకోడానికి హొన్నూరమ్మ. ఒక్కోదాన్నీ పసిబిడ్డ మొహంలా తుడిచేది.

ఎనభై ఎనిమిదిలో వేరుశనగ పండింది. అప్పుడే బెంగళూరు మ్యూజియం ఆఫీసరు వస్తున్నాడని ఉత్తరం వచ్చింది. రాళ్ళు సరిగా లేకపోతే తీసుకెళ్ళిపోతారట. అవి పోతే గది మూత, హొన్నూరమ్మ పనీ పోతుంది.

ఆయన వచ్చే రోజు పొద్దున్నే తలుపు తీశాను. రాళ్ళన్నీ నిగనిగలాడుతున్నాయి. అంటించిన నంబరు చీటీలన్నీ నూనెలో నాని ఊడిపోయాయి.

"ఏందమ్మా ఇది? రాళ్ళకు తలంటినావా?" అని అరిచాను.

"కొత్త శెనక్కాయల నూనె సార్. గానుగ నుంచి తెస్తే మొదట దేవుని రాయికే కదా పూసేది! కోట్ల ఏండ్లవని మీరే చెప్పినారు. అంత పాతవి దేవుళ్ళు కాకుంటే ఇంకేంది?"

"కొంప ముంచినావు కదమ్మా!"

ఆమె మొహం చిన్నబోయింది. అంతలోనే కొంగు బిగించింది. "దినామూ తుడిచే రాళ్ళు, యాడివి ఆడ పెట్టలేనా? మీరు నంబర్లు రాయండి."

ఆమె పెట్టెల గూళ్ళలో ఒక్కోటీ పెడుతూ పోయింది, గూళ్ళ వరస చూసి నేను చీటీలు రాస్తూ పోయాను.

ఆఫీసరు కోలారువాడు, తెలుగు బాగా వచ్చు. రిజిస్టరులోని కొలతలతో అన్నీ సరిచూశాడు. పదిహేడో గూట్లో రెండు రాళ్ళున్నాయి, ముప్పై ఒకటోది ఖాళీ. "ఇదేంటి?" అన్నాడు. చీటీల తొందరలో నేనది చూడనే లేదు. హొన్నూరమ్మ ముందుకొచ్చింది.

"కావాల్నే పెట్టినా సార్. నూనె పూసేటప్పుడు చేతికి తెలిసింది, రెండూ ఒగే కాయ తొక్కలు. విత్తనానికి శెనక్కాయలు ఒలిచి ఒలిచి అరిగిన వేళ్ళు ఇవి, ఆ మాత్రం తెలీదా?"

ఆయన రెండింటినీ దగ్గర చేశాడు. అంచులు ఎక్కడా సందు లేకుండా అతుక్కున్నాయి. పెద్దాయనకీ, ఇన్నేళ్ళు సైన్సు చెప్పిన నాకూ తట్టనే లేదు!

"ఇవి ఈమె దగ్గరే ఉండనీండి. నూనె మాత్రం వద్దమ్మా," అని ఆఫీసరు పగలబడి నవ్వాడు. రిజిస్టరులో రాశాడు: "17, 31 ఒకే ఆల్చిప్ప. కనిపెట్టినవారు హొన్నూరమ్మ."

"నా పేరు యాడ ఉండాది సార్?" అని ఆమె నన్నడిగింది. చూపించాను. నూనె వేలిని కొంగుకు రెండుసార్లు గట్టిగా తుడుచుకుని, అప్పుడు పెట్టింది ఆ పేరు మీద.