ఒక స్టాపు ఎక్కువ

కండక్టరు తాతకి ఒకటే జబ్బు. ఏది లెక్కపెట్టినా ఒకటి ఎక్కువ చెబుతాడు. గదిలో ఐదు కుర్చీలుంటే ఆరంటాడు, గోడ మీద రెండు బొమ్మలుంటే మూడంటాడు. ముప్పై ఏళ్ళు బస్సులో మనుషుల్ని లెక్కపెట్టిన మనిషి ఇంత ఘనంగా లెక్కపెడుతుంటే ఆ బస్సు ఏనాడైనా సరైన చోట ఆగిందా అని పిల్లల ఆసుపత్రి హెడ్ నర్సుకి గట్టి అనుమానం.

ఆ అనుమానం ఆమెకి ఇంటర్వ్యూ రోజే వచ్చింది. వచ్చినా తీసుకుంది, అదీ ఆమె చేసిన పొరపాటు.

"మీ వయసెంత తాతగారూ?"

"డెబ్భై ఒకటి."

"ఫారంలో డెబ్భై అని ఉందే?"

"అది మా కోడలు రాసిందమ్మా. నా లెక్క దానికి తెలీదు."

"మనవలెంతమంది?"

"ఇద్దరు."

పక్కనే కూర్చుని బొమ్మ గీసుకుంటున్న ఎనిమిదేళ్ళ మనవరాలు తల కూడా ఎత్తకుండా "ఒక్కదాన్నే" అంది. బాగా అలవాటైన గొంతు. ఆ పిల్ల కాలి ఎముక బాగుచేయించుకోవడానికి అదే ఆసుపత్రిలో నాలుగు నెలలుంది. తాత ఐదని చెప్పాడు. ఇప్పుడు చెంగుచెంగున గెంతుతోంది.

అసలీ ఇంటర్వ్యూ ఎందుకంటే, హెడ్ నర్సుకి ఒక పిచ్చి ఆలోచన వచ్చింది. పిల్లల ఆసుపత్రిలో నెలల తరబడి మకాం వేసిన కుటుంబాలకి డాక్టర్లకి తెలియని సంగతులు తెలుస్తాయి. ఏ లైటు పిల్లల కళ్ళలో పొడుస్తుందో, ఏ కుళాయిలో నీళ్ళు చెయ్యి కాలుస్తాయో, ఏ తలుపు చప్పుడుకి పసివాళ్ళు ఉలిక్కిపడి లేస్తారో వాళ్ళని అడిగితే చెబుతారు. వాళ్ళనే సలహాదారులుగా కూర్చోబెడితే ఆసుపత్రి బాగుపడదా? ఈ మాట పట్టుకుని ఆమె రెండేళ్ళు సూపరింటెండెంటు గారి ప్రాణం తీసింది.

"అమ్మానాన్నలే సలహాలిచ్చేస్తే ఇక మేం చదివిందెందుకమ్మా?" అన్నాడాయన. చివరికి విసుగొచ్చి ఒప్పుకున్నాడు. "ఆరు సమావేశాలు ఇస్తున్నాను. ఆరోదానికి నేనొచ్చి కూర్చుంటా. పిల్లలకి పనికొచ్చిన పని ఒక్కటి చూపించండి. లేదంటే ఆ గది ఖాళీ చేయండి, పాత ఫైళ్ళు పెట్టుకోవాలి."

అలా కమిటీ ఏర్పడింది. హెడ్ నర్సు, కవలల తల్లి, కుట్టుమిషను పెట్టుకుని బతికే ఒకావిడ, లెక్కల మాస్టారు, కండక్టరు తాత. మొత్తం ఐదుగురు. తాత లెక్కలో ఆరుగురు. మొదటి సమావేశంలో ఆయన "మన ఆరుగురం" అన్నప్పుడు కవలల తల్లి బల్ల కింద కూడా వంగి చూసింది.

టీ చెప్పే పని ఆయన నెత్తినేసుకున్నాడు. ప్రతిసారీ ఆరు కప్పులొచ్చేవి. సమావేశం మధ్యలో మిగిలిన కప్పు పట్టుకుని నెమ్మదిగా బయటికి జారుకునేవాడు. లోపల ఒకటి తాగి బయట ఇంకోటి లాగిస్తున్నాడని అందరూ అనుకున్నారు. పెద్దాయన, పోనీలే అని ఊరుకున్నారు.

ఊరుకోనివాడు లెక్కల మాస్టారు ఒక్కడే. ఆయన కొడుక్కి ఆ ఆసుపత్రిలోనే ఆస్తమా తగ్గింది. సొంత కొడుకు పరీక్ష పేపరు దిద్దినా అర మార్కు వదలని మనిషి. పుట్టి బుద్ధెరిగాక ఆయన నోట ఒక్క అంకె తప్పు రాలేదు. అలాంటివాణ్ణి తీసుకొచ్చి తాత పక్క కుర్చీలో కూర్చోబెట్టింది హెడ్ నర్సు. కడుపు మంట కోరి తెచ్చుకోవడమంటే అదే.

రెండో సమావేశంలో, వార్డు నుంచి ఎక్స్‌రే గదికి వెళ్ళే పిల్లలకి దారిలో ఎన్ని తలుపులొస్తాయో ముందే చెబితే భయం తగ్గుతుందన్నాడు తాత. మంచి సలహానే. ఎన్నున్నాయో చూద్దామని బయల్దేరారు.

"పద్నాలుగు," అన్నాడు మాస్టారు.

"పదిహేను," అన్నాడు తాత.

"మళ్ళీ చూద్దాం."

మళ్ళీ చూశారు. పద్నాలుగు, పదిహేను. మూడోసారి మాస్టారు ప్రతి తలుపు మీదా సుద్దముక్కతో అంకె వేసుకుంటూ వెళ్ళాడు. ఆఖరి తలుపు మీద పద్నాలుగు వేసి, చెమట తుడుచుకుని, "ఏదీ మీ పదిహేనోది? చూపించండి!" అన్నాడు.

తాత ఆ తలుపుని పైనుంచి కిందిదాకా చూశాడు. "బాగుంది మాస్టారూ. పిల్లలకి మాత్రం పదిహేనని చెబుదాం."

అన్నంత పనీ చేశాడు. వారం తిరగకుండా వార్డులో పిల్లలంతా పదిహేను తలుపులని చెప్పుకోసాగారు. చక్రాల కుర్చీల్లో వెళ్ళినవాళ్ళు పద్నాలుగే దాటి, అప్పుడే వచ్చేశామా అని ఆశ్చర్యపోతూ తిరిగొచ్చారు. అందులో ఒక బుద్ధిమంతుడు, తలుపొకటి ఎవరో ఎత్తుకెళ్ళారని వాచ్‌మన్‌కి ఫిర్యాదు చేశాడు. వాచ్‌మన్ ఇంకా బుద్ధిమంతుడు. "ఒక తలుపు కనబడుటలేదు" అని పుస్తకంలో రాసి సంతకం పెట్టి సూపరింటెండెంటు గారికి పంపాడు. ఆయన ఒక పూటంతా ఆసుపత్రి తలుపులు వెతికించాడు.

సంగతి తెలిశాక అగ్గిమీద గుగ్గిలమైపోయాడు. "ఏమమ్మా, ఇన్నాళ్ళలో మీ కమిటీ సాధించింది ఇదా? ఉన్న తలుపుల్లోంచి లేని తలుపు పోగొట్టడం?"

"బరువు తూచే బల్ల చల్లగా ఉండి పసిపిల్లలు ఏడుస్తున్నారని కవలల తల్లి చెబితే, దాని మీద గుడ్డ పరిచాం సార్. ఇప్పుడు ఏడవడం లేదు."

"అది సలహా కాదు, గుడ్డ," అన్నాడాయన.

హెడ్ నర్సు ఆ రోజు తాతని పక్కకి పిలిచి బతిమాలింది. "తాతగారూ, మీ కాళ్ళు పట్టుకుంటాను. ఆరో సమావేశంలో మీరు ఒక్క అంకె కూడా పలకొద్దు. ఈ కమిటీ పోతే మళ్ళీ నా సర్వీసులో రాదు."

"పలకనమ్మా. ఒట్టు. కావాలంటే రెండు ఒట్లు."

ఆరో సమావేశం పదకొండు గంటలకి. పదకొండుకి ఐదు నిమిషాలుందనగా తాత కనబడలేదు. బల్ల మీద టీ కప్పులు మాత్రం ఐదే ఉన్నాయి. తెప్పించిన ఆరోదీ, ఆయనా కలిసి మాయమయ్యారు. అదే సమయానికి తొమ్మిదో మంచం దగ్గర్నుంచి గగ్గోలు వినబడింది.

తొమ్మిదో మంచం పిల్లకి ఆరేళ్ళు. మెడ వెనకాల చిన్న ఆపరేషనైంది. కుట్లు విప్పాలి. రెండు రోజులుగా ఎవరినీ దగ్గరికి రానివ్వడం లేదు. అప్పటికి ముగ్గుర్ని కొరికింది, అందులో ఒక డాక్టరు కూడా ఉన్నాడు. ఇంకా ఆలస్యమైతే మత్తిచ్చి విప్పాలన్నారు. మత్తంటే మళ్ళీ పస్తు, మళ్ళీ సూది, మళ్ళీ ఆ తల్లికి కంటి మీద కునుకు లేకపోవడం.

హెడ్ నర్సు పరిగెత్తుకెళ్ళేసరికి పిల్ల మంచం కింద నక్కి ఉంది. తల్లి పక్కన నిలబడి చేతిలో సగం తాగిన టీ కప్పుతో కళ్ళు తుడుచుకుంటోంది. తాత నేల మీద చతికిలబడి ఉన్నాడు.

"బయటికి రామ్మా," అంది హెడ్ నర్సు వంగి. "ఒక్కటే కుట్టు. చీమ కుట్టినట్టుంటుంది, అంతే."

"అబద్ధం! నిన్న నువ్వే ఒకటన్నావ్. డాక్టరు రెండన్నాడు. అమ్మ అసలు లేనే లేవంది! అందరూ అబద్ధాలే!"

అప్పుడే వెనక అడుగుల చప్పుడైంది. సలహాదారులు ఏమైపోయారో చూద్దామని సూపరింటెండెంటు, దారి చూపిస్తూ మాస్టారు వచ్చి గుమ్మంలో నిలబడ్డారు.

"తాతా, నువ్వు చెప్పు. ఎన్నున్నాయ్?" అంది మంచం కింది గొంతు.

"ఎనిమిది," అన్నాడు తాత.

మాస్టారు రెండు చేతులతో తల పట్టుకున్నాడు. "కేసు షీటులో ఏడు కదా?" అని సూపరింటెండెంటు గుసగుసగా అడిగాడు. ఏడే. హెడ్ నర్సు తాత వైపు గుర్రుగా చూసింది. రెండు ఒట్లు వేసిన మనిషి!

"ఎనిమిదా?" అంది పిల్ల. "చాలా ఎక్కువ."

"ఎక్కువే మరి. నేనైతే ఏడుస్తా."

"నొప్పెడుతుందా?"

"లాగుతుంది. జుట్టు చిక్కు తీసేటప్పుడు లాగినట్టు. ఎనిమిది స్టాపులు. బండి నడిపేది సిస్టరమ్మ, కండక్టరువి నువ్వు." తాత చొక్కా జేబులోంచి పాత ఈల తీసి మంచం కిందకి దొర్లించాడు. "ఒకసారి ఊదితే బండి ఆగాలి. రెండుసార్లు ఊదితేనే కదలాలి. నువ్వు ఊదకుండా కదిలితే సిస్టరమ్మ ఉద్యోగం ఊడిపోతుంది."

"మరి నువ్వు?"

"నేను రిటైరయ్యా. ఉత్త ప్యాసింజరుని."

మంచం కింద కాసేపు ఆలోచన జరిగింది. తర్వాత ముందు ఈల, దాని వెనక పిల్ల బయటికొచ్చాయి.

మంచం మీద బోర్లా పడుకుని రెండుసార్లు ఊదింది. హెడ్ నర్సు చేతులు కడుక్కుని మొదటి కుట్టు కత్తిరించి లాగింది. పిల్ల మొహం ముడుచుకుంది గానీ ఏడవలేదు. "ఒకటి!" అని అరిచి మళ్ళీ ఊదింది. రెండు. మూడు. మూడోదాని తర్వాత బండి ఆపించి మంచినీళ్ళు తాగింది. నాలుగోదాని తర్వాత మళ్ళీ ఒక్క ఊదు ఊది, గుమ్మం వైపు వేలు చూపించింది.

"ఆయన నిలబడ్డాడు. నా బస్సులో నిలబడకూడదు."

"కూర్చోండి సార్," అన్నాడు తాత.

"నేను సూపరింటెండెంటుని," అన్నాడాయన.

"ఎవరైనా సరే," అంది పిల్ల.

అక్కడున్నది కప్ప ఆకారంలో చేసిన పిల్లల పీట ఒక్కటే. సూపరింటెండెంటు గారు మోకాళ్ళు గడ్డానికి తగిలేలా దాని మీద కూర్చున్నాడు. అప్పుడుగానీ బండి కదల్లేదు. ఐదు, ఆరు, ఏడు.

"అయిపోయిందమ్మా," అని హెడ్ నర్సు కత్తెర కింద పెట్టింది.

"లేదు. ఇంకోటుంది. నేను లెక్కపెట్టా!"

అందరూ తాత వైపు చూశారు. ఆయన వంగి, కళ్ళజోడు సర్దుకుని, పిల్ల మెడంతా వెతికాడు. "అరెరే, ఎనిమిదో స్టాపు ఎత్తేసినట్టున్నారే!"

"అంటే... ముందే వచ్చేశామా?"

"ముందే వచ్చేశాం."

పిల్ల మొహం విప్పారింది. "అమ్మా! ఎనిమిదన్నారు గానీ ఏడే! ఏడే!" అని గెంతుతూ ఈల అందుకుంది. ఆ ఊదుడికి పక్క వార్డులో పసిపిల్లలు లేచారు.

వరండాలోకి రాగానే హెడ్ నర్సు తాతని పట్టుకుంది. "మీరు కావాలనే ఒకటి ఎక్కువ చెప్పారు కదూ? ఎప్పుడూ అంతేనా?"

తాత తప్పు దొరికిపోయినవాడిలా తల గోక్కున్నాడు. "మా మనవరాలు ఇక్కడున్నప్పుడు ఒక రోజు, ఒక్కటే సూది అని చెప్పారమ్మా దానికి. తీరా చూస్తే రెండోది పడింది. ఆ తర్వాత ఐదు రోజులు మాట్లాడలేదు. అన్నం తినమంటే అందులో ఏముందని అడిగేది."

"నేనే చెప్పుంటాను," అంది హెడ్ నర్సు. ఆమెకి సిగ్గేసింది. ఇరవై రెండేళ్ళలో ఎన్ని వందల మందికి ఎన్ని వేల సార్లు 'ఒక్కటే' అని చెప్పిందో ఆమెకే లెక్క తెలీదు.

"మీరు కాదమ్మా. చెప్పింది నేనే. పిల్ల నాతోనే మాట్లాడలేదు." "అప్పట్నుంచి ఒకటి ఎక్కువే చెబుతున్నా."

వెనకనుంచి మాస్టారు ఉండబట్టలేక ముందుకొచ్చాడు. "అయినా ఇదీ అబద్ధమే కదండీ?"

"అబద్ధమే మాస్టారూ. కాకపోతే ఇది బయటపడితే పిల్ల నవ్వుతుంది."

"మరి వయసు? కుర్చీలు? మనవలు?" అంది హెడ్ నర్సు.

"ఒకచోట సరిగ్గా, ఒకచోట ఎక్కువ చెబితే ఏది ఎక్కడో మర్చిపోతానమ్మా. ముసలి బుర్ర. అందుకని అన్నిటికీ ఒకటే పద్ధతి పెట్టేసుకున్నా."

"ఆ ఆరో కప్పు?"

"లెక్క ప్రకారం వచ్చేస్తుంది కదా, పారబోయడమెందుకని బయట బల్ల మీద ఎవరు దిగులుగా కూర్చుంటే వాళ్ళకిస్తున్నా. ఇవాళ ఆ తల్లి కూర్చుంది. ఏడు కుట్ల సంగతి చెప్పి ఏడ్చింది. అందుకే ఆలస్యమైంది."

సమావేశం ఎట్టకేలకి మొదలైంది. బల్ల మీద ఐదు కప్పుల టీ చల్లారిపోతే తాత మళ్ళీ చెప్పించాడు. ఆరొచ్చాయి. చరిత్రలో మొదటిసారి గదిలో సరిగ్గా ఆరుగురున్నారు. సూపరింటెండెంటు ఆరో కప్పు అందుకుని, మోకాళ్ళు రుద్దుకుంటూ కూర్చున్నాడు. హెడ్ నర్సు కళ్ళు ఆయన పెన్ను మీదే ఉన్నాయి.

"కమిటీని మూసేయాలా వద్దా అన్నది నేను ఇప్పుడే తేల్చాలా?" అన్నాడాయన చివరికి. "నేను మీకెన్ని సమావేశాలిచ్చాను?"

ఆరని తెలిసీ హెడ్ నర్సు బల్ల మీద కాగితాలు సర్దసాగింది.

"ఏడు సార్," అన్నాడు తాత.

సూపరింటెండెంటు మాస్టారు వైపు తిరిగాడు. "మీరు చెప్పండి. మీ లెక్క తప్పదంటారు కదా."

మాస్టారు చెవులు ఎర్రబడ్డాయి. ఒకసారి పైకప్పుని చూశాడు, ఒకసారి తాతని చూశాడు, గొంతు సవరించుకున్నాడు.

"ఏడండీ," అన్నాడు.

"అయితే ఇంకొకటుందన్నమాట. దాన్ని కూడా చూసి చెబుతా," అని సూపరింటెండెంటు టీ తాగి లేచాడు.

ఇది జరిగి మూడేళ్ళైంది. ఆసుపత్రిలో ఇప్పుడు ఎవరూ 'ఒక్కటే' అనడం లేదు. ప్రతి సమావేశం చివరా సూపరింటెండెంటు గారు ఎన్నిచ్చానని అడుగుతాడు, మాస్టారు లెక్క చెబుతాడు. మొన్న ముప్పై తొమ్మిదోది అయింది. ఆ కమిటీకి ఇంకా సరిగ్గా ఒక్క సమావేశమే మిగిలి ఉంది.