చేతులు నరకడం గురించి ఆంటీ అడిగిన ప్రశ్నలు

ఆ రోజుల్లో నా రక్తం ఊరికే మరిగిపోయేది. లండన్ పక్క ఇల్ఫర్డ్ చలిలో రెండు స్వెటర్లు తొడుక్కుని వణుకుతున్నా సరే, మా ఊళ్ళో ఎన్నికలంటే చాలు, మరిగేది. మాస్టర్స్ చేయడానికి వచ్చి నేను శ్రద్ధగా చదివింది మా పార్టీ వాట్సాప్ గ్రూపునే. అందులో నన్ను 'సింహం' అనేవారు (ఆ సింహం సాయంత్రాలు ఓ టేకవే హోటల్లో ఉల్లిపాయలు తరుగుతూ కన్నీళ్ళు పెట్టుకునేదని వాళ్ళకు తెలియదు). నా గదిలోనే బావ ఉండేవాడు. చుట్టం కాదు, పిలుపు అలా కుదిరిపోయింది. మంచివాడే గానీ అవతలి పార్టీ. ఒక ఆదివారం వంటింట్లో టీ పెడుతూ, "ఈసారి మీవాళ్ళకి డిపాజిట్లు కూడా రావు మామా" అన్నాడు. "ఫలితాలు రానివ్వు, మీవాళ్ళ చేతులు నరికేస్తాం" అన్నాను. బావ మొహం మాడిపోయింది. వాళ్ళ నాన్న ఊళ్ళో ఆ పార్టీ పోలింగ్ ఏజెంటు. అది తెలిసే అన్నాను.

ఇంటి ఓనరు ఆంటీ అక్కడే చికెన్ కడుగుతోంది. కడప వైపు మనిషి. వెనక్కి తిరక్కుండానే, "ఎవరబ్బీ నరికేది?" అంది.

"మేమే ఆంటీ."

"నువ్వు పోతావా?"

"నాకు పరీక్షలున్నాయి కదా. అక్కడ మావాళ్ళుంటారు."

"మీ నాయకుని కొడుకు పోతాడా?"

"ఆయన కెనడాలో..." అని ఆగిపోయాను. బావ ఫక్కున నవ్వాడు.

"నువ్వేంటికి నవ్వేది? మీ నాయకుని కొడుకు యాడుండాడు?"

"ఆస్ట్రేలియా ఆంటీ."

ఆంటీ చేతులు తుడుచుకుని కూర్చుంది. "మా అన్న ఇట్లనే ఒకాయన కోసం కొట్లాటకి పోయినాడు. కుడిచెయ్యి పోయింది. ఆయప్పేమో మళ్ళీ ఎన్నికలకి అవతలి పార్టీలో చేరినాడు. నాకు పెండ్లయ్యేదాకా మా అన్నకి నేనే అన్నం కలిపి పెట్టేదాన్ని." గ్యాస్ బిల్లు ఎక్కువొచ్చిందని చెప్పే గొంతుతోనే చెప్పింది. చెప్పి, మళ్ళీ చికెన్ దగ్గరికి వెళ్ళిపోయింది.

ఆ పూటే గ్రూపులో అడిగాను, నరకడానికి ఎవరెవరు వెళ్తున్నారు, దెబ్బలు తగిలితే ఆస్పత్రికి ఎవరు తీసుకెళ్తారు అని. 'అమ్ముడుపోయాడు' అంటూ నన్ను తీసేశారు. బావ సంబరపడి నన్ను వాళ్ళ గ్రూపులో చేర్చాడు. అక్కడా అదే అడిగాను. నన్నూ తీసేశారు, చేర్చినందుకు వాణ్ణీ తీసేశారు.

ఫలితాల రోజు మా పార్టీ గెలిచింది. బావ వాళ్ళ నాన్న ఫోన్ కలవడం లేదు. గెలిచిన పార్టీవాణ్ణి, ఓడిన పార్టీవాడి పక్కన మంచం మీద కూర్చుని, నా గెలుపుకి నేనే భయపడుతూ గడిపాను. మధ్యాహ్నానికి ఆయనే చేశారు. చెల్లెలి ఊరికి వెళ్ళి పడుకున్నారట, ఫోన్ చార్జింగ్ అయిపోయిందట. బావ ఫోన్ నాకిచ్చాడు. "అన్నం తిన్నారా అంకుల్?" అని తప్ప ఇంకేమీ అడగలేకపోయాను.

ఇప్పుడు రీడింగ్ అనే ఊళ్ళో ఉద్యోగం, పలచబడ్డ జుట్టు. విందుల్లో ఎవరైనా రాజకీయం అడిగితే నేను ఆలోచించి జవాబు చెప్పేలోగా వాళ్ళు సమోసాల వైపు వెళ్ళిపోతారు. "ఒకప్పుడు భలే మాట్లాడేవారట కదా" అంటుంది మా ఆవిడ. మాట్లాడేవాణ్ణి. ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది. వాడి గొంతు మీద మాత్రం, అప్పుడప్పుడూ, కాస్త అసూయ.