కిటికీలోంచి రావాల్సిన మంచం

అలైదా తెర్‌స్ట్రాకి కోపం వస్తే గొంతు పెరగదు, తగ్గుతుంది. ఆమ్‌స్టర్‌డామ్‌లో మా వీధి చివరున్న హైస్కూల్లో ఇరవై తొమ్మిదేళ్లుగా ఆవిడ గేటు పక్కన గదిలో కూర్చుంటోంది. ఆలస్యంగా వచ్చినవాళ్లంతా ముందు ఆవిడకి కారణం చెప్పి, చీటీ తీసుకుని, అప్పుడు క్లాసుకి పోవాలి. సైకిల్ చైను తెగింది, పడవ కోసం వంతెన ఎత్తేశారు, అమ్మమ్మ పోయింది. ఒకడికి ఒకే ఏడాదిలో నలుగురు అమ్మమ్మలు పోయారు. "మీ ఇంట్లో అమ్మమ్మలకి కాస్త చెప్పు నాయనా, నువ్వు పొద్దున లేవనప్పుడల్లా ఒకరు పోతున్నారు" అందట అలైదా, చీటీ రాస్తూ. అలాంటి మనిషికి ఒక మంచాల షాపు సాకులు చెప్పాలని చూసింది. వాళ్ల ఖర్మ.

నేను ఆవిడ పై వాటాలో ఉంటాను. జరిగిందంతా నా కళ్లముందే జరిగింది కాబట్టి రాస్తున్నాను. రాస్తుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతోంది.

అలైదా భర్త సీబ్రెన్. ముప్ఫై ఏళ్లు ట్రామ్ నడిపి రిటైరయ్యాడు. మార్చిలో తడిసిన వంతెన మీద కాలు జారి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నాడు. ఆపరేషనయ్యాక, మళ్లీ నడక నేర్పే కేంద్రంలో ఐదు వారాలు పెట్టారు. ఇంటికి పంపాలంటే వాళ్లు రెండు షరతులు పెట్టారు. ఒకటి, ఇంటి మెట్లు పదిహేడూ ఎక్కగలగాలి. రెండు, మోకాలి కన్నా ఎత్తున్న గట్టి మంచం ఉండాలి. మెట్ల సంగతి సీబ్రెన్ చూసుకున్నాడు. కేంద్రంలో మెట్లు ఎక్కి దిగి, ఎక్కి దిగి, అక్కడి నర్సులకే ఆయాసం తెప్పించాడు. మంచం అలైదా చూసుకోవాలి. రోగుల మంచం అద్దెకి తెద్దామంటే ఆయన ఒప్పుకోలేదు.

"నువ్వు పక్కన లేకుండా పడుకోవాలంటే ఇక్కడే పడుకుంటా. కనీసం సూపు పోస్తారు" అన్నాడట.

అందుకని ఇద్దరు పడుకునే ఎత్తైన మంచం, మధ్యలో అతుకు లేకుండా ఒకే ముక్కగా ఉన్నది, ఆన్‌లైన్‌లో ఆర్డరిచ్చింది. మంగళవారం మంచం రావాలి, శుక్రవారం సీబ్రెన్ రావాలి. సోమవారం సాయంత్రం పాత మంచం విప్పి వీధిలో పెట్టింది. మునిసిపాలిటీ లారీ వచ్చేలోపే ఎవరో పట్టుకుపోయారు.

షాపు పేజీలో పెద్ద అక్షరాలతో "మీ పడకగదిదాకా తెచ్చి అమర్చి ఇస్తాం" అని ఉంది. కింద చిన్న అక్షరాలతో "లోపలికి వెళ్లే దారి కొలుచుకున్నాను" అని ఉంది. దాని పక్కన గడిలో టిక్కు పెట్టాలి. అలైదా నిజంగానే కొలిచింది. రెండుసార్లు కొలిచింది. కిటికీ కొలిచింది.

మా ఊరివాళ్లు ఎవరైనా అదే చేస్తారు. మా మెట్లు ఎంత ఇరుకంటే, కూరగాయల సంచి పట్టుకున్న మనిషి ఎదురొస్తే ఒకరు వెనక్కి దిగాలి. అందుకే ఇంటి నెత్తిన దూలం, దూలానికి కొక్కెం, కొక్కేనికి కప్పీ. కిటికీ చట్రం ఊడదీసి, బీరువా అయినా పియానో అయినా తాడుతో లాగేస్తారు, లేదా సామానుని కిటికీదాకా ఎత్తే లిఫ్టు బండి పిలుస్తారు. మాకు మెట్లు మనుషులు ఎక్కడానికే.

మంగళవారం పదింటికి వ్యాను వచ్చింది. ఇద్దరు దిగారు. పెద్దాయన పేరు ఖెర్ట్, నెదర్లాండ్స్ దక్షిణాది యాస. తలుపు తీసి మెట్లు చూసి, తల వెనక్కి తీసుకున్నాడు.

"మేడమ్, ఇది ఎక్కదు."

"ఎక్కదని నాకూ తెలుసు. కిటికీ తీసి పెట్టాను చూడండి. తాడు దించండి."

"ఏం తాడు?"

"లాగే తాడు. లేకపోతే లిఫ్టు బండి. ఏది తెస్తే అది."

"మాకు మెట్ల పని వరకే మేడమ్. కిటికీ పని మాది కాదు, దానికి ఇన్సూరెన్సు లేదు."

"గదిదాకా అని రాశారు."

"రాసేవాళ్లు ఆఫీసులో ఉంటారు. మోసేవాళ్లం మేం."

"అయితే మోయండి."

ఖెర్ట్ చిన్నగా నవ్వి, మళ్లీ మెట్లు చూసి, ఆపేశాడు. అతని తప్పేం లేదు, అది అలైదాకీ తెలుసు. లోపలికి పోని సరుకు కింద పెట్టి సంతకం తీసుకు రమ్మని అతనికి చెప్పారు. వెనక్కి తెస్తే అతని మీదే పడుతుంది. సంతకం కోసం చేతిలోని మిషను చాపాడు. అలైదా తెర మీద వేలితో, సంతకం పెట్టాల్సిన చోట, "గదికి చేరలేదు, తీసుకోలేదు" అని రాసింది.

"ఇది సంతకం కాదు మేడమ్."

"చదవడం వచ్చుగా మీ ఆఫీసులో?"

వాళ్లు మంచం అడుగుభాగాన్ని గోడకి ఆనించి వెళ్లిపోయారు. పదినిమిషాల్లో వాన మొదలైంది. ప్లాస్టిక్ ఒక మూల చిరిగి ఉంది.

కింద సైకిల్ షాపు నడిపే మార్నిక్స్ బయటికొచ్చాడు. "అలైదా, కప్పీ నా దగ్గరుంది. తాడుంది. నలుగురం పడితే పావుగంట. పైన పెట్టేసి కాఫీ తాగుదాం."

నిజానికి ఈ కథ అక్కడే అయిపోవాలి. నేను అప్పటికే చేతి తొడుగులు తెచ్చుకున్నాను.

"ఎవరూ లాగొద్దు" అంది అలైదా, చాలా చిన్న గొంతుతో. "మనం పైకి లాగామంటే నేను తీసుకున్నట్టే. గీత పడినా, విరిగినా మనమే చేశామంటారు. వాన తగలకుండా నీ షాపులో పెట్టుకో మార్నిక్స్. ముందు ఫొటోలు తీయండి. ఆ తడిసిన మూల బాగా కనపడాలి."

తీశాం. సైకిళ్ల మధ్య నిలబెట్టాం. తర్వాత షాపుకి ఫోను చేసింది. ఇరవై నిమిషాలు సంగీతం వినిపించాక ఒక అమ్మాయి పలికింది.

"దారి కొలిచానని మీరే టిక్కు పెట్టారు కదా మేడమ్?"

"కొలిచాను. కిటికీ కొలిచాను. కొలతలు చెప్పనా?"

"కిటికీ దారి కాదు కదా మేడమ్."

"మీరు ఏ ఊళ్లో కూర్చుని మాట్లాడుతున్నారమ్మా?"

పైకి చేర్చలేకపోతే వాపసు తీసుకోమంది అలైదా. ఆ అమ్మాయి టకటకా ఏదో కొట్టి చూసింది. "వాపసు తీసుకోవడం కుదరదండి. రంగు, ఎత్తు మీరు ఎంచుకున్నారు కాబట్టి అది మీ కోసం ప్రత్యేకంగా చేసిన వస్తువు కిందికి వస్తుంది."

ఆ సాయంత్రం అలైదా నా వంటింటి బల్ల దగ్గర కూర్చుంది. ఇద్దరం వినియోగదారుల చట్టం తెరిచాం. నేను చదువుతూ పోయిన కొద్దీ కుర్చీలో నిలవలేకపోయాను. ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లో కొన్న వస్తువుని, చేతికి అందాక పద్నాలుగు రోజుల్లోగా, కారణం చెప్పకుండానే వద్దనొచ్చు. సోఫా గుమ్మంలో పట్టకపోయినా సరే, రంగు నచ్చకపోయినా సరే. మన కొలతలకి ప్రత్యేకంగా చేయించుకున్న వస్తువుకే ఆ హక్కు లేదు. షాపువాడు ముందే పెట్టిన జాబితాలోంచి ఒక రంగు ఏరుకుంటే అది ప్రత్యేకంగా చేయించుకున్నట్టు కాదు. ఇది షాపులకి తెలియదా? తెలుసు. మనకి తెలియదని కూడా వాళ్లకి తెలుసు. ఎంతమంది ఆ ఒక్క ముక్క విని, ఫోను పెట్టేసి, పట్టని సోఫాని సగం ధరకి ఎవరికో ఇచ్చేసుకున్నారో.

మంచం వద్దంటూ అలైదా ఐదు లైన్ల మెయిలు రాసింది. బుధవారం జవాబొచ్చింది. "మేము బాధ్యులం కాకపోయినా, దయతో మీకు పది శాతం తగ్గింపు ఇస్తాం. లిఫ్టు బండి మీరే పిలుచుకోండి."

గురువారం స్కూలుకి సెలవు పెట్టి, నన్ను వెంటబెట్టుకుని, ఊరి బయట ఫర్నిచరు షాపుల వరసకి బస్సెక్కింది. మంచం అమ్మిన షాపు అక్కడే ఉంది. అందులో మా మంచం లాంటిదే ఒకటి ప్రదర్శనకి పెట్టారు. అలైదా కోటు విప్పకుండా దాని అంచున కూర్చుని, సంచి ఒళ్లో పెట్టుకుంది. మేనేజరు హార్తెఫెల్ట్ వచ్చాడు. మెరిసే బూట్లు, మెత్తటి మాట.

"మీ కేసు నాకు తెలుసు మేడమ్. ప్రత్యేకంగా చేసిన వస్తువు కదా, మా చేతుల్లో ఏమీ లేదు."

"ఈ అట్ట మీదేనా?" అలైదా మంచానికి వేలాడుతున్న గుడ్డముక్కల అట్ట చూపించింది.

"మాదే."

"ఎన్ని రంగులు?"

"పన్నెండు."

"నాది ఎన్నోది?"

అతను తన తెరలో చూశాడు. "ఏడు."

"ఎత్తులు ఎన్ని?"

"మూడు."

"నా మంచం నా కోసం కుట్టారా, లేక ఏడో రంగు, మూడో ఎత్తా?"

"మేడమ్, అది అంత సులువు కాదు..."

"నేను స్కూల్లో పన్నెండేళ్లవాళ్ల సాకులు వింటానండీ. వాళ్లు మీకన్నా బాగా చెప్తారు. కనీసం కొత్తవి చెప్తారు."

పక్క మంచం మీద వెల్లకిలా పడుకుని చూసుకుంటున్న జంట లేచి కూర్చుంది. ఆ ఆడమనిషి మొగుడితో "మనదీ ఇరుకు మెట్లేగా?" అంది, అందరికీ వినపడేలా. హార్తెఫెల్ట్ చెవులు ఎర్రబడ్డాయి. లోపలికెళ్లి ఒక కాగితం తెచ్చాడు.

"సరే మేడమ్. రేపు పొద్దున ఎనిమిదింటికి మా ఖర్చుతో లిఫ్టు బండి పంపిస్తాను. కిటికీలోంచి పెట్టి, అమర్చి వెళ్తారు. ఇక్కడ ఒక సంతకం చాలు."

నాకు ప్రాణం లేచొచ్చింది. రేపు శుక్రవారం. ఎనిమిదింటికి మంచం, పదకొండింటికి సీబ్రెన్. అలైదా కళ్లజోడు పెట్టుకుని పైకే చదివింది. "వస్తువు మంగళవారం మంచి స్థితిలో అందింది. షాపు దయతో చేస్తున్న ఈ సాయంతో నాకు ఇక ఎలాంటి ఫిర్యాదూ లేదు, వాపసు కోరను."

"మూల తడిసింది. లోపల చెక్క ఉబ్బితే?"

"ఆరిపోతుంది మేడమ్."

"ఉబ్బితే?"

అతను పెన్ను ముందుకు జరిపాడు.

"అలైదా, పెట్టెయ్యండి" అన్నాను చెవిలో. "ఆయన రేపు వస్తున్నారు."

ఆవిడ నావైపు చూసిన చూపు మర్చిపోలేను. నా మీద కోపం కాదది. ఆవిడకి ఆ మంచం నాకన్నా ఎక్కువగా కావాలి. మూడు రాత్రులుగా ఉత్త నేల మీద పరుపేసుకుని పడుకుంటోంది. ఆయన లేని ఇంట్లో ఐదు వారాలుగా ఒక్కతే తింటోంది. కొనేవాళ్లకి ఇలాంటి అవసరాలు ఉంటాయని తెలిసే కదా వాళ్లు ఆ కాగితం అలా రాసింది. అవసరంలో ఉన్న మనిషి చదవకుండా సంతకం పెడతాడని.

"ఎల్లుండి ఈ మంచం ఒరిగిపోతే, తుంటి విరిగిన మనిషిని నేను ఎక్కడ పడుకోబెట్టాలి? అప్పుడు మీరు ఈ కాగితం తీసి చూపిస్తారు." అలైదా పెన్ను తీసుకుంది. ఆ లైన్లన్నీ కొట్టేసింది. కింద రాసింది: 'మంచం వద్దని కొన్నావిడ మంగళవారమే తెలియజేశారు. షాపు వచ్చి తీసుకెళ్తుంది, పూర్తి డబ్బు తిరిగిస్తుంది.' కాగితం అతని వైపు తిప్పింది. "ఇప్పుడు మీరు పెట్టండి సంతకం."

"'దయతో' అని ఒక్క మాట చేరుస్తాను మేడమ్, మా పద్ధతి అది" అంటూ హార్తెఫెల్ట్ పైన రాసేశాడు.

"కొట్టేయండి. నా హక్కు నాకిస్తూ దయ అంటారేం. నేను అడుక్కోవడానికి రాలేదు."

జంట ఇంకా చూస్తోంది. హార్తెఫెల్ట్ ఆ మాట కొట్టేసి సంతకం పెట్టాడు.

బస్సులో గెలిచాం అని నేను రెండుసార్లు అన్నాను. రెండోసారి "నోరుమూసుకో" అంది. ఇంటికి వెళ్లకుండా దారిలో నడక నేర్పే కేంద్రం దగ్గర దిగింది, వెనకే నేను. సీబ్రెన్ సూట్‌కేసు సర్దేసి, మంచం మీద బూట్లతో కూర్చుని ఉన్నాడు, ఒకరోజు ముందే. అలైదా నిలబడే చెప్పింది, మొదటి నుంచీ, ఏమీ దాచకుండా. రేపు లిఫ్టు బండి వచ్చేదని కూడా చెప్పింది.

ఆయన మొహం గోడకి తిప్పుకున్నాడు. "ఒక్క సంతకం" అన్నాడు. "ఒక్క సంతకం పెట్టి ఉంటే రేపు ఇంట్లో ఉండేవాణ్ణి. నీకు నేను కావాలా, నెగ్గడం కావాలా?"

"నువ్వు కింద పడకూడదు. అది కావాలి."

"ఎన్ని రోజులు?"

"మన వీధి వెనకాల వడ్రంగిని అడిగాను. మెట్లెక్కేలా కొత్తది రెండు ముక్కలుగా చేసి, పైన బిగిస్తానన్నాడు. తొమ్మిది రోజులు."

"తొమ్మిది" అన్నాడు సీబ్రెన్ గోడతో. అలైదా కూర్చోలేదు, కోటు విప్పలేదు. చివరికి ఆయన చెయ్యి చాపాడు. "ఏదీ, ఆ కాగితం ఇలా ఇవ్వు."

కొట్టేసిన లైన్లు వేలు పెట్టి ఒక్కొక్కటే చదివాడు. 'మంచి స్థితిలో అందింది' దగ్గర ఆగాడు. మంగళవారం మేం తీసిన ఫొటో అడిగి తీసుకుని, తడిసిన మూల పెద్దది చేసి చూశాడు.

"దొంగముండాకొడుకులు" అన్నాడు.

వంగి ఎడమకాలి బూటు లేసు విప్పబోయి ఆగిపోయాడు. తుంటి ఇంకా అంత వంగదు. అలైదా సంచి కింద పెట్టి, నేల మీద మోకాళ్లేసి, విప్పడం మొదలుపెట్టింది.